టీచరమ్మ కళ్ళజోడు

“అయితే నా కూతురు మొద్దు అంటావు. అంతేగా?”

నర్సు వదిన చేతిలోని మోడల్ పేపరు భోజనాల బల్ల మీద పడింది. పడిందేమిటి, విసిరింది! టీ కప్పు ఒరిగి, కాగితం అంచు తడిసింది. ఎవరూ తుడవలేదు.

“నేనలా ఎప్పుడన్నాను వదినా?” అంది టీచరమ్మ.

“నువ్వెందుకంటావు తల్లీ! ఈ కాగితం అంటోంది. పొద్దుట్నుంచీ గొంతు పోయేలా చదివి వినిపించా. ఒక్కటంటే ఒక్కటి సరిగ్గా చెప్పలేదు. నువ్వేమో ‘క్లాసులో ఫస్టు వదినా, దానికి తిరుగులేదు వదినా’ అని ఏడాదంతా నా చెవిలో పువ్వులు పెట్టావు.”

ఆదివారం పూట, నర్సు వదినకి దొరక్క దొరక్క దొరికిన సెలవు రోజున, ఇంట్లో జరగాల్సిన ముచ్చటేనా ఇది! కూతురు బఠాణీని పక్కన కూచోబెట్టుకుని ఒక గంట సరదాగా చదివిద్దామనుకుంది ఆవిడ. ఆ సరదా కాస్తా ఇలా తగలడింది.

బఠాణీ బల్ల కింద చేరి, మామయ్య చెప్పుల జత ముందు మఠం వేసుకుని కూచుంది. దానికి పేరు లేక కాదు. పుట్టినప్పుడు అంత చిన్నగా ఉందని అమ్మమ్మ ముద్దుగా పిలిచిన పిలుపు అలాగే ఉండిపోయింది.

“అక్కా, నేను మూడో తరగతి రెండుసార్లు చదివా,” అన్నాడు నర్సు వదిన తమ్ముడు, టీచరమ్మ మొగుడు, లిఫ్టు మెకానిక్కు. “అయినా నేను బాగుచేసిన లిఫ్టులు పైకీ కిందకీ పోతూనే ఉన్నాయిగా.”

“నోర్ముయ్‌రా. నీకు నవ్వులాటగా ఉంది. పోయినవారం వాళ్ళ నాన్న ఫోనులో ఏమన్నాడో విన్నావుగా? ‘ఫలితాలు రానీ, పిల్ల ఎవరి దగ్గరుంటే బాగుపడుతుందో అప్పుడు మాట్లాడదాం’ అన్నాడు. ఇది పరీక్ష తప్పిందా, మర్నాడే వచ్చి చెయ్యి పట్టుకు లాక్కుపోతాడు.”

వంటింటి గుమ్మంలో నిలబడిన అత్తగారు కొంగుతో మొహం తుడుచుకుని లోపలికి వెళ్ళిపోయింది.

రేపు కాక ఆపై సోమవారమే పరీక్ష. దేశమంతటా మూడో తరగతి పిల్లలకి ఒకే రోజు, ఒకే పేపరు. పసివాళ్ళు కాబట్టి ప్రశ్ననీ, దాని కింది నాలుగు జవాబుల్నీ ఒక మనిషి నిలబడి పైకి చదువుతారు. పిల్లలు విని, సరైన జవాబు పక్కనున్న గడిని పెన్సిలుతో నింపాలి. చదివే మనిషి వేరే బడి నుంచి వస్తారు. మార్కులు గీతకి కిందపడితే మళ్ళీ మూడో తరగతే.

“ఇలా ఇవ్వు వదినా, నేను చదువుతాను,” అని టీచరమ్మ తడిసిన పేపరు అందుకుంది. “బఠాణీ, బయటికి రామ్మా. బస్సులో తొమ్మిది మంది ఉన్నారు. నలుగురు దిగారు, ఇద్దరు ఎక్కారు. ఇప్పుడు బస్సులో ఎంతమంది? అయిదుగురు... ఏడుగురు... పదకొండు మంది... పదిహేను మంది.”

“ఏడుగురు!”

ఇంకొకటి చదివింది. అదీ ఠక్కున చెప్పింది. మరొకటి. బాణం వేసినట్టు చెప్పింది పిల్ల.

టీచరమ్మ గెలిచినట్టు చూడలేదు గానీ, గెలిచాననే అనుకుంది. నర్సు వదిన మొహం మాత్రం వాడిపోయింది.

“అంటే నేనంటే భయం దీనికి,” అంది మెల్లగా. “రాత్రీ పగలూ డ్యూటీలు చేసొచ్చి నేను అరుస్తాను. నువ్వు ముద్దుగా చెబుతావు. అదీ సంగతి.”

“భయం కాదమ్మా,” అంది బఠాణీ. “నీకు చదవడం రాదు. నాలుగూ ఒకేలాగ చదువుతావు.”

“మరెలా చదవాలే?”

“అత్తలాగ. అత్త కరెక్టు జవాబు దగ్గర కళ్ళజోడు పైకి తోసుకుంటుందిగా!”

లిఫ్టు మెకానిక్కు ఫక్కున నవ్వాడు. ఆ నవ్వుకి తోడు ఇంకెవరూ నవ్వలేదు. అతనూ ఆపేశాడు.

“ఛ, ఏం మాటలే అవి!” అంది టీచరమ్మ. చెయ్యి దానంతటదే కళ్ళజోడు మీదికి పోబోయింది. దారిలో ఆపుకుంది.

నర్సు వదిన ఆ చేతిని చూసింది. ఇంజెక్షనుకి నరం వెతికే మనిషి చూపు అది, తప్పించుకోవడం కష్టం.

“మళ్ళీ చదువు,” అంది. “అదే బస్సు ప్రశ్న. ఈసారి పదిహేను దగ్గర కళ్ళజోడు తోసుకో.”

“వదినా, పిల్లతో ఆటలేమిటి...”

“చదువమ్మా.”

టీచరమ్మ చదివింది. తొమ్మిది మంది, నలుగురు దిగారు, ఇద్దరు ఎక్కారు. పదిహేను అన్నప్పుడు కళ్ళజోడు వేలితో పైకి నెట్టింది.

“పదిహేను మంది!” అంది బఠాణీ. ఇందాక ఏడుగురని చెప్పిన సంగతే దానికి గుర్తు లేదు. పైగా శభాష్ అంటారేమోనని మొహం పైకెత్తి చూసింది.

“క్లాసులో అందరికీ తెలుసా ఇది?” అడిగింది నర్సు వదిన.

“ఓ! అందరికీ తెలుసు. కొత్తగా చేరిన అమ్మాయికి కూడా తెలుసు. పాపం తనకి ఒక్కటీ రావట్లేదని నేనే చెప్పా.”

టీచరమ్మ పక్కనున్న కుర్చీలో కూలబడింది. ఒట్టు, ఆవిడకి తెలియదు! ముక్కు మీద నిలవని కళ్ళజోడు. బిగించుకుందామని ఎన్నాళ్ళనుంచో అనుకోవడమే గానీ తీరిక లేదు. జవాబు దగ్గరికి వచ్చేసరికి పిల్లలు చెప్పేస్తే బాగుండునని గుండె పీకుతుంది కదా, అప్పుడు చెయ్యి పైకి పోతుంది. అంతే. దాన్ని పట్టేశారు పిడుగులు. లెక్కలు పట్టుబడలేదు గానీ ఆవిడ మాత్రం పూర్తిగా పట్టుబడింది.

ఆ క్లాసునే కదా బడి హెడ్మాస్టరు, పెద్దసారు, నెత్తిన పెట్టుకున్నాడు! మిగతా టీచర్లని వెనక బెంచీల్లో కూచోబెట్టి, ‘చూసి నేర్చుకోండి, పాఠం చెప్పడమంటే ఇదీ’ అన్నాడు. ఫలితాలు రాగానే నీ ఉద్యోగానికి ముందున్న ‘తాత్కాలిక’ అన్న ముక్క పీకేస్తానని మాట కూడా ఇచ్చాడు.

“రేపే మీ పెద్దసారుతో మాట్లాడతా,” అంది నర్సు వదిన.

“అక్కా, నీకు దణ్ణం పెడతాను,” అన్నాడు తమ్ముడు. “తన ఉద్యోగం పోతుంది. తనే నిదానంగా చెప్పుకుంటుంది. ఒక్క రోజు ఆగు.”

“దాని ఉద్యోగం ఒకవైపు, నా పిల్ల ఒకవైపు. ఏది బరువో నువ్వే చెప్పరా.”

అటు పెళ్ళాం, ఇటు తోడబుట్టింది. ఏమని చెబుతాడు పాపం! బల్ల తుడిచే గుడ్డ వెతికే నెపంతో వంటింట్లోకి జారుకున్నాడు.

*

మర్నాడు క్లాసులో టీచరమ్మ కళ్ళజోడు తీసి సంచిలో పెట్టేసింది. చేతులు వెనక్కి కట్టుకుంది. పేపరు దూరంగా బల్ల మీద పెట్టి, కళ్ళు చికిలించి చదివింది.

మొదటి ప్రశ్నకి క్లాసు క్లాసంతా దిక్కులు చూసింది. కరెంటు పోయిన ఇల్లులా అయిపోయింది గది. ముందు బెంచీ పిల్ల పెన్సిలు నోట్లో పెట్టుకుంది. కిటికీ దగ్గరి కవలలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. బఠాణీ అయితే టీచరు మొహం మీద నుంచి కళ్ళు తియ్యలేదు, ఏదో వెతుకుతున్నట్టు.

“టీచర్, కళ్ళజోడు పెట్టుకోరా?” అన్నారెవరో, ఏడుపు గొంతుతో.

“పెట్టుకోను. పేపరు చూడండి, నన్ను కాదు.”

ఆవిడ నలుగురు చొప్పున బల్ల దగ్గరికి పిలిచి, పెన్సిళ్ళు పరిచి, బస్సు ఎక్కించింది, దింపింది. కొందరికి వెలిగింది. చాలామందికి వెలగలేదు. ఏడాదంతా పడాల్సిన పాట్లు ఒక్క పూటలో పడుతుంటే ఆవిడకే జాలేసింది, తన మీద కాదు, ఆ చిట్టి వేళ్ళ మీద.

మధ్యాహ్నం భోజనాలయ్యాక మళ్ళీ చదివింది. చిత్రం! ఈసారి చేతులు లేచాయి. మొదట ఆరేడు, తర్వాత సగం, తర్వాత అందరివీ. అన్నీ సరైన జవాబులే.

అమ్మయ్య అనుకుంది. వచ్చేసింది! పిల్లలు ఎంతైనా పిల్లలు, కాస్త దారి చూపిస్తే ఎగిరి దూకుతారు. ఆవిడకి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

“కొత్తమ్మాయ్, నువ్వు చెప్పు. మూడో జవాబే ఎందుకు?”

కొత్తగా చేరిన పిల్ల లేచి నిలబడింది. “మీరు అక్కడ ఆగారు కదా టీచర్.”

“ఆగానా?”

“కొంచెం. ఊపిరి పీల్చుకుని చదివారు.”

సరే అని టీచరమ్మ ఆగకుండా గడగడా చదివింది. అప్పుడూ చెప్పారు. ఎలా చెప్పారర్రా అంటే, మీ కనుబొమ్మ లేచింది టీచర్ అన్నారు. గోడ వైపు తిరిగి చదివింది. మీ గొంతు మారింది టీచర్ అన్నారు. పైగా ఇదేదో కొత్త ఆట అనుకుని కిలకిలా నవ్వుతున్నారు! దొంగాటలో దొరికిపోయిన మనిషి చుట్టూ మూగినట్టు మూగారు. టీచరమ్మ కూడా నవ్వబోయింది. నవ్వు రాలేదు.

కళ్ళజోడైతే తీసి సంచిలో పెట్టుకోవచ్చు. గొంతునెక్కడ పెట్టుకుంటుంది? ఒళ్ళంతా జవాబే అయిపోతే మనిషి ఎక్కడికి పోతుంది?

ఒకటే దారి అనుకుంది. వచ్చే సోమవారం పరీక్షకి వేరే బడి మనిషి వస్తుంది. నాలుగు జవాబులూ నర్సు వదినలాగే ఒకేలా చదువుతుంది. పిల్లలు ఓడిపోతారు. ఓడిపోతే పోయారు, అప్పుడైనా అందరికీ నిజం తెలుస్తుంది, మళ్ళీ మొదట్నుంచీ నేర్పవచ్చు. తన ఉద్యోగం పోతే పోనీ. కానీ బఠాణీ? అక్కడికి వచ్చేసరికి ఆవిడ ఆలోచన మొరాయించింది.

అంతలో తలుపు దగ్గర అలికిడి. పెద్దసారు! సన్నగా పొడుగ్గా, చొక్కా జేబులో ఎప్పుడూ రెండు పెన్నులతో ఉంటాడాయన. క్లాసంతా లేచి నిలబడింది.

“కూచోండి, కూచోండి. భలే చురుగ్గా ఉన్నారే మీ పిల్లలు! బయటికి వినిపిస్తోంది.”

“సార్, మీతో ఒక మాట...”

“ముందు నా మాట వినమ్మా, శుభవార్త. వచ్చే సోమవారం మీ క్లాసుకి బయటి మనిషి రావట్లేదు. వాళ్ళకి మనుషులు సరిపోవట్లేదట. అలాంటప్పుడు సొంత టీచరే చదవచ్చని రూలుంది. నువ్వే చదువుతున్నావు.”

“నేనా?”

“నువ్వే. పిల్లలకి అలవాటైన గొంతు. బెదరరు.” ఆయన ఆవిడ మొహం వంక కాసేపు చూశాడు. “కళ్ళజోడేదమ్మా? అది లేకపోతే నీకు కష్టం కదా. ఆ రోజు మర్చిపోకేం.”

పిల్లలు ‘హే’ అని చప్పట్లు కొట్టారు. బఠాణీ అందరికంటే గట్టిగా కొట్టింది. ఆ చప్పట్ల మధ్య టీచరమ్మ చెప్పాలనుకున్న మాట చెప్పలేకపోయింది. మింగుదామంటే అదీ కాలేదు. పెద్దసారు అప్పటికే పక్క గది దాటిపోయాడు.

*

సాయంత్రం ఇంటికొచ్చేసరికి నర్సు వదిన ముందు గదిలో డ్యూటీ బట్టలు ఇస్త్రీ చేస్తోంది. తమ్ముడు నేల మీద కూచుని బఠాణీకి లిఫ్టు బొమ్మ గీసి చూపిస్తున్నాడు. “నాలుగో అంతస్తులో ఎక్కాం, రెండంతస్తులు దిగాం, ఇప్పుడెక్కడున్నాం?” బఠాణీ అతని మొహం చూసి, దొరక్క, అమ్మమ్మ దగ్గరికి పారిపోయింది.

టీచరమ్మ సంచి కూడా దించకుండా జరిగిందంతా చెప్పింది.

“అదేమిటి, సొంత టీచరు చదవచ్చా?” అన్నాడు భర్త. “దొంగ చేతికి తాళాలిచ్చినట్టు ఉంది... నిన్ను కాదులే, సామెత అన్నాను.”

“నన్నే అనండి. తప్పేముంది.”

నర్సు వదిన ఇస్త్రీ ఆపలేదు. “మంచిదేగా,” అంది.

“ఏది మంచిది వదినా?”

“నువ్వు చదవడం.”

టీచరమ్మ తెల్లబోయింది. “నిన్న నువ్వే కదా ఇంటి పైకప్పు లేపావు?”

“నిన్న ఎవరో వచ్చి చదువుతారనుకున్నా. ఇవాళ నువ్వు చదువుతున్నావు. కళ్ళజోడు పెట్టుకుని చదువు.”

“అక్కా!” అన్నాడు తమ్ముడు.

“నువ్వు మాట్లాడకు. కూతుర్ని ఒక్కదాన్ని పెంచి చూడు, అప్పుడు మాట్లాడుదువుగాని.”

“నేనక్కడ నిలబడలేను వదినా,” అంది టీచరమ్మ. “కళ్ళజోడు తీసేశాను, అయినా చెప్పేస్తున్నారు. ఊపిరి పీలిస్తే చాలు, వాళ్ళకి జవాబు తెలిసిపోతోంది.”

“పీల్చు మరి. ఎవరొద్దన్నారు?”

“అది మోసం కదా!”

“ఏడాదిగా చేసినదేమిటి?”

“అది తెలియక. ఇది తెలిసి.”

ఇస్త్రీ పెట్టె కాలరు మీద సర్రున జారింది. ఆవిరి లేచింది. నర్సు వదిన పెట్టెని ఇంకా గట్టిగా అదిమింది.

“ఆసుపత్రిలో ఎంతోమంది పిల్లలకి సూదులు పొడిచాను. నొప్పి పుట్టదని అబద్ధమాడి పొడిచాను, తెలిసే ఆడాను. వాళ్ళు బాగుపడ్డారు. నా పిల్ల కోసం ఒక్క పూట నువ్వాడలేవూ? ముందు ఆ గీత దాటించు. ఆ తర్వాత సెలవుల్లో కూచోబెట్టి అన్నీ నేర్పుదువుగాని. నేను కాదన్నానా?”

“బఠాణీ ఒక్కతే కాదు వదినా. క్లాసంతా పై తరగతికి పోతారు. అక్కడ ఇంకో టీచరుంటుంది. ఆవిడకి కళ్ళజోడు ఉండదు. బస్సులో ఎంతమంది ఉన్నారో తెలియని పిల్లలు అక్కడ ఏమైపోతారు? ‘మీకు ఇదీ రాదా’ అని రోజూ నిలబెడుతుంది. వాళ్ళకి ఎందుకు రావట్లేదో వాళ్ళకే తెలియదు.”

వంటింట్లో అత్తగారు గిన్నెలు తోముతున్న చప్పుడు ఆగిపోయింది. ఆ ఇంట్లో గోడలకి చెవులున్నాయనుకోనక్కర్లేదు, అత్తగారొక్కరు చాలు.

ఎక్కణ్ణుంచి వచ్చిందో గానీ టీచరమ్మకి ఒక్కసారి ధైర్యం వచ్చింది. సంచి కుర్చీలో పెట్టి, నిటారుగా నిలబడింది.

“రేపు పొద్దున్నే పెద్దసారు గదికి వెళ్ళి చెప్పేస్తాను,” అంది. “సార్, మా పిల్లలకి వచ్చింది చదువు కాదు, నా మొహం చదవడం వచ్చింది, నన్ను ఆ గదిలో పెట్టకండి అంటాను. ఆయనకి కోపం రానీ, ఉద్యోగం తీసెయ్యనీ. ఒక పెద్దమనిషికి నిజం తెలిస్తే ఆయనే ఏదో దారి చూపిస్తాడు.”

అనేశాక మనసు దూదిపింజలా తేలికైంది. భర్త ఆవిడ వంక చూసి తలూపాడు. “చెప్పు. నేనూ తోడొస్తాను,” అన్నాడు. ఈ రెండు రోజుల్లో అతను ఏదో ఒక పక్కన నిలబడి మాట్లాడటం అదే మొదలు.

నర్సు వదిన ఇస్త్రీ పెట్టెని నిలబెట్టింది. ప్లగ్గు తీసింది. చొక్కా మడతపెట్టి, మళ్ళీ విప్పి, మళ్ళీ మడతపెట్టింది.

“ఆయనకి తెలుసు,” అంది.

“ఏం తెలుసు?”

“అంతా. ఇవాళ డ్యూటీ మధ్యలో గంట పర్మిషన్ పెట్టి వెళ్ళా. నీ మీద కోపంతోనే వెళ్ళాలే. కళ్ళజోడు సంగతి, కొత్త పిల్ల సంగతి, ఇంట్లో బఠాణీ బస్సులో పదిహేను మంది అన్నది, అన్నీ పూసగుచ్చినట్టు చెప్పా. ఒక్క మాట అడ్డు రాకుండా విన్నాడు. విని, ఎవరికో ఫోన్ చేశాడు. ‘మా మూడో తరగతికి మీ మనిషిని పంపక్కర్లేదు, మా టీచరే చదువుతుంది’ అన్నాడు. ఫోన్ పెట్టేసి, ‘ఇంకేమైనా సాయం కావాలా అమ్మా’ అని నన్నడిగాడు.”

చెప్పుకోవడానికి ఉన్న ఒక్క మనిషీ ముందే విని కూచున్నాడు!

“మరి నువ్వేమన్నావు వదినా?”

నర్సు వదిన తలెత్తలేదు.

“థాంక్సండీ అన్నా,” అంది.